తిరిగి వచ్చేదాకా అదే చరణం

జానయ్య నాలుకను డాక్టరు పలుచటి గుడ్డతో పట్టుకొని, పిడి ఉన్న చిన్న అద్దాన్ని గొంతులోకి పోనిచ్చి చూశాడు. చూసింది చెప్పడానికి ఆయనకు ఎక్కువ మాటలు అవసరం కాలేదు. గొంతు తీగల మీద కాయలు లేచాయి. సగం పాపం రాతి దుమ్ముది, సగం పాటది. కొన్నాళ్లు గొంతుకు పూర్తిగా విశ్రాంతి ఇస్తే వాటంతటవే తగ్గవచ్చు.

"మా దర్గాల ఉర్సు ఉన్నది సార్ గీ వారంల" అంది అండాలమ్మ, భర్త తరఫున. "మొదటి పాట గీయనదే. గది ఇడవమంటే ఇడవడు. నా మాట అసలే ఇనడు."

"కింది స్థాయిలో, మెల్లగా, ఒక్క పాట. అంతే. గొంతెత్తితే లోపల చీలుతుంది. చీలిందంటే మళ్లీ అతుక్కోదమ్మా" అన్నాడు డాక్టరు, చేతులు కడుక్కుంటూ.

దిల్‌సుఖ్‌నగర్ బస్సులో అండాలమ్మ కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా భర్తకు చెబుతూనే ఉంది. "ఇన్నవు గదా? కిందికే పాడాలె. ఒక్కటే పాడాలె. నోరు తెరవకు, తలకాయ ఊపు, సాలు." జానయ్య తల ఊపాడు. "పెండ్లయిన కాడికెళ్లి గిట్ల ఊపితే నా బతుకు ఎంత సల్లగుండు!" అంది ఆమె. ముందు సీటులో ఆడవాళ్లు వెనక్కి తిరిగి నవ్వారు. అండాలమ్మ కూడా నవ్వింది. జానయ్య ఒక్కడే నవ్వలేకపోయాడు.

అతనికి భయం పట్టుకుంది. పాట పోతుందన్న భయం కాదు అది. పాట పోయిన తరువాత ఆ ఒంట్లో మిగిలేవాడు ఎవడు? వాడితో తనకు ఎన్నడూ పరిచయం లేదు.

జానయ్య నల్లగొండ జిల్లావాడు. పిల్లలు నిలవని తల్లి జాన్‌పహాడ్ దర్గా సైదులుకు మొక్కుకుంటే పుట్టాడని ఆ పేరు పెట్టారు. ఊళ్లో మొహర్రంకు పీరీలు లేచినప్పుడల్లా గుండం చుట్టూ పాడేవాళ్లలో చిన్నప్పుడే అతని గొంతు వేరుగా వినబడేది. పంటలు పోయి, బావులు అడుగంటి, ఊరు సగం ఖాళీ అయినప్పుడు రాళ్లు కొట్టేవాళ్ల వెంట ఎల్బీనగర్ వచ్చాడు. అప్పటికి అక్కడ జొన్న చేలు పోయి కాలనీలు లేస్తున్నాయి. ప్రతి ప్లాటుకూ నాలుగు మూలల రాళ్లు కావాలి, ప్రతి రాతి మీదా నంబరు కావాలి. జానయ్య ఆ నంబర్లు చెక్కేవాడు.

విజయవాడ రోడ్డుకు కొంత లోపలగా చిన్న గుట్ట, గుట్ట మీద దర్గా. ఒకనాటి మాపటిపూట రాళ్ల దగ్గర పాడుకుంటున్న జానయ్యను విని, దర్గాను చూసుకునే మదార్ సాబ్ గుట్ట దిగి వచ్చాడు. "బేటా, గొంతు ఉన్నది. ఇల్లు లేదు దానికి" అన్నాడు. ఆ ముసలాయనే అతనికి ఉస్తాదు అయ్యాడు. ఉర్దూ అక్షరం రాని జానయ్య ఉర్దూ ఖవ్వాలీలు చెవితో పట్టాడు. తరువాత వాటి సరసన తెలుగులో తానే కట్టడం మొదలుపెట్టాడు. చంపాపేట, అబ్దుల్లాపూర్‌మెట్, నాదర్‌గుల్, ఏ దర్గాలో ఉర్సు ఉత్సవం జరిగినా అతన్ని పిలిచేవారు. గౌరవంగా పిలిచేవాళ్లు కొందరు, వింతగా పిలిచేవాళ్లు కొందరు. ఒక సభలో నిర్వాహకులు ఇది భజన కిందికి వస్తుందా ఖవ్వాలీ కిందికి వస్తుందా అని తేల్చుకోలేక, తినడానికి పెట్టి పంపించేశారు. జానయ్య తినేసి వచ్చాడు. తానెవరి కిందికి వస్తాడో అతనికీ తెలియదు. పాడుతున్నంతసేపూ ఆ ప్రశ్న ఉండదు. పాట ఆగినప్పుడు మొదలవుతుంది.

ఇటీవల దిల్‌సుఖ్‌నగర్‌లో క్యాసెట్ల దుకాణం పెట్టిన చక్రపాణి అతని పాట విన్నాడు. బెజవాడ వైపు నుంచి వచ్చి స్థిరపడిన మనిషి. "జానయ్య గారూ, తెలుగులో ఖవ్వాలీ ఇప్పటిదాకా నా చెవిన పడలేదండీ. మీ గొంతు కుదుటపడనివ్వండి, పూర్తి క్యాసెట్టు వేద్దాం. అట్ట మీద బొమ్మ కూడా మీదే" అన్నాడు. బొమ్మ సంగతి విని అండాలమ్మ, "గా గడ్డంతోనేనా?" అని అడిగింది.

ఉర్సు రోజు మధ్యాహ్నం గుట్ట మీద షామియానా వేశారు. పైనుంచి చూస్తే చుట్టూ ఎక్కడ చూసినా సున్నం పూసిన తెల్లని రాళ్లే. వాటిలో చాలా రాళ్ల మీది అంకెలు జానయ్య ఉలివే. ఆ నేల మొన్నమొన్నటి దాకా రామచంద్రం పటేల్‌ది. దర్గాకు మొదటి గంధం ఆయన ఇంటినుంచే రావాలన్నది తాతల కాలం నాటి ఆనవాయితీ. ఆయన గంధం గిన్నె తలమీద పెట్టుకొని, భార్య మణెమ్మ వెంట నడవగా, గుట్ట ఎక్కి వచ్చాడు.

"పటేలా, గిన్నెకు గూడ ప్లాట్ నంబరేసినవా ఏంది?" అన్నాడు జనంలోనుంచి ఎవరో.

"నీ నోటికేస్తరా ముందుగాల, నాలుగు దిక్కుల రాళ్లు పాతి" అన్నాడు పటేల్. అందరూ నవ్వారు. పటేల్ నవ్వే మనిషి. భూమి అమ్మిన రోజున కూడా నవ్వుతూనే సంతకం పెట్టాడని చెప్పుకునేవారు.

గంధం సమర్పించాక పటేల్ వేదిక ముందు కుర్చీలో, జనం కింద కూర్చున్నారు. చక్రపాణి తన టేప్‌రికార్డరును వేదిక అంచున పెట్టి మీట నొక్కాడు. పక్కన డోలక్ మట్టయ్యది. జానయ్య పాడి లేవగానే మిగతా కచేరీ మట్టయ్య నడిపించాలని ముందే అనుకున్నారు. ఆడవాళ్ల వైపునుంచి అండాలమ్మ అరచేతిని కిందికి వంచి చూపింది. కిందికి.

ఏ పాట పాడాలో జానయ్య నిర్ణయించుకునే వచ్చాడు. మదార్ సాబ్ మొదట నేర్పిన పాత ఉర్దూ పాట. నడిచినట్టుగా సాగుతుంది, ఎక్కడా పైకి లేవదు. హార్మోనియం మీద వేళ్లు పెట్టాడు. ఎదుట అంతమంది మనుషులు. ఇంతమంది ఎదుట మళ్లీ ఎప్పుడో, అసలు ఉంటుందో లేదో. అప్పుడు అతని లోపల ఇంకొక పాట కదిలింది.

ఆ పాటను అతను ఎవరికీ వినిపించలేదు. ఒకరోజు పటేల్ చేలోనే ఒక మూల రాయి పాతుతుండగా ఇద్దరు కొనుగోలుదార్లు కొట్లాటకు దిగారు. రాయికి ఇటు ఒకడి కాలు, అటు ఒకడి కాలు. నడుమ ఉలి పట్టుకొని కూర్చున్న జానయ్యకు చరణం తట్టింది.

మన్ను నీదే, నడిచే కాలు నీదే, నడుమ నేనెవరయ్యా.

చివరి మాట పైషడ్జానికి లేస్తుంది. ఒక్కసారే కదా అనుకున్నాడు. ఒక్కసారి అక్కడిదాకా వెళ్లి వచ్చేసి, మిగతాది కిందనే పాడి మట్టయ్యకు అప్పగిస్తే గొంతుకు అంత ముప్పు ఉండదనుకున్నాడు. మనిషి తనను తాను మోసం చేసుకునేటప్పుడు ఎంతో సహేతుకంగా మాట్లాడతాడు. జానయ్య ఆ సంగతి తెలిసినవాడే. తెలిసీ పాడాడు.

గొంతు లేచింది. కాయలు కాసిన గొంతే, కానీ ఆ గరుకుతనం వల్లనేమో చివరి మాట ఎన్నడూ లేనంత ఒంటరిగా వినబడింది. షామియానా కింద మాటలు ఆగిపోయాయి. అండాలమ్మ లేచి నిలబడింది.

రామచంద్రం పటేల్ కుడిచెయ్యి దానంతటది పైకి లేచింది.

మొదట ఎవరూ గుర్తించలేదు. తరువాత ఆయన ఒళ్లంతా ముందుకీ వెనక్కీ ఊగసాగింది. కుర్చీ వెనక్కి పడింది. ఆయన నిలబడి మడమతో నేలను తన్నుతున్నాడు, తన కింద నేల ఉందో లేదో చూసుకుంటున్నవాడిలా. కళ్లు పైకి తిరిగిపోయాయి. కన్నీళ్లు చెంపలమీదుగా దిగుతున్నాయి, ఏడుపు చప్పుడు మాత్రం లేదు.

"హాల్ వచ్చింది" అన్నాడు మదార్ సాబ్, కర్ర ఆనించుకొని లేస్తూ. ఆయన లేవగానే సభ అంతా లేచింది. పాట వింటూ మనిషి తనను దాటి వెళ్లిపోవడాన్ని దర్గాల్లో అలా అంటారు.

ఖవ్వాలీ పాడేవాళ్లకు దానికొక కట్టుబాటు ఉంది. మదార్ సాబ్ దాన్ని స్వరాల కంటే ముందే జానయ్యకు నేర్పాడు. ఏ చరణం మీద మనిషి వెళ్లిపోయాడో, ఆ మనిషి తిరిగి వచ్చేదాకా అదే చరణం పాడాలి. మార్చరాదు. ఆపరాదు. ఏ గొంతుమీద పోయాడో ఆ గొంతుమీదనే రావాలి. నడుమ పాట తెగితే మనిషి అటే ఉండిపోతాడని, అట్లా ఊపిరి పోయినవాళ్లున్నారని ఆయన చెప్పాడు. నిజమో కాదో పరీక్షించి చూసినవాళ్లు లేరు. అది పరీక్షించదగిన విషయం కాదు.

జానయ్య చరణాన్ని మళ్లీ ఎత్తుకున్నాడు. మళ్లీ. చివరి మాట దగ్గర గొంతులో ఏదో గీరుకుంటోంది. ఒకసారి ఆ మాటను పైకి తీసుకుపోకుండా కిందనే దించి పాడి చూశాడు. పటేల్ ఊపు తెగింది. ఛాతీ ఎగసి అక్కడే బిగుసుకుపోయింది, పెదవులు నల్లబడ్డాయి. మణెమ్మ గుండెలు బాదుకుంది.

"మీదికి పాడు జానయ్యా! నీ కాళ్లు మొక్కుత, మీదికి పాడు!"

జానయ్య పైకి వెళ్లాడు. పటేల్ ఊపిరి కదిలింది.

అండాలమ్మ జనాన్ని తోసుకొని వేదిక దగ్గరికి వచ్చింది. "ఉస్తాద్, గీయన గొంతు పోతది. డాక్టర్ చెప్పిండు. మట్టయ్యతోని పాడియ్యి, నీకు దండం పెడ్త."

మదార్ సాబ్ పటేల్ వైపే చూస్తున్నాడు. మట్టయ్య మాత్రం ఆగలేదు. డోలక్ వాయిస్తూనే చరణం అందుకున్నాడు. మంచి గొంతే, బలమైన గొంతు. నాలుగు మాటలు దాటేసరికి పటేల్ మోకాళ్లు మడతపడ్డాయి. మట్టయ్య బెదిరిపోయి జానయ్య వైపు చూశాడు. జానయ్య మళ్లీ ఎత్తుకోక తప్పలేదు.

"తాగి వచ్చారేమోనండీ" అన్నాడు చక్రపాణి, అండాలమ్మ చెవి దగ్గర. "నటన కూడా కావచ్చు. అమ్మిన భూమి చూసి ఊళ్లోవాళ్లు ఏమనుకుంటారోనని."

జానయ్యకు ఆ మాట వినబడింది. పాడుతూనే ఆలోచించాడు. ఈ మనిషి నిజంగా వెళ్లాడా? వెళ్లినవాడి లోపల ఏముందో బయట ఉన్నవాడికి ఎట్లా తెలుస్తుంది? తన చరణంలో అంత శక్తి ఉందా, లేక ఆ మాపు ఏ చరణం పాడినా ఈయన ఇట్లాగే పడిపోయేవాడా? ఈ మనిషి నేలనే తాను రాళ్లతో ముక్కలు చేశాడు. ఇప్పుడు ఆ మనిషి ఊపిరి తన గొంతులో ఉంది. నటన అయితే తాను ఉత్తపుణ్యానికి గొంతు పోగొట్టుకుంటున్నట్టు. నటన కాకపోతే ఆపడం హత్య. రెంటి నడుమ తెలుసుకునే దారి లేదు. కట్టుబాటు కూడా ఆ సంగతి అడగదు. పాడమంటుంది, అంతే.

"టేపు!" అన్నాడు చక్రపాణి హఠాత్తుగా. "అండాలమ్మ గారూ, ఆయన గొంతే కదా కావలసింది? ఆయన గొంతు ఇందులో ఉందిగా!"

గబగబా టేపును వెనక్కి తిప్పి, రికార్డరును మైకు ముందు పెట్టాడు. జానయ్య చరణం ముగించి ఊపిరి పీల్చేలోగా మీట నొక్కాడు. లౌడ్‌స్పీకరులోనుంచి జానయ్య గొంతు గుట్టంతా పరుచుకుంది.

మన్ను నీదే, నడిచే కాలు నీదే.

పటేల్ ఊగుతూనే ఉన్నాడు. జనం హమ్మయ్య అన్నారు. అండాలమ్మ భర్త నోటిమీద కొంగు అడ్డం పెట్టి, "ఇగ సాలు, ఇగ ముయ్యి" అంది. జానయ్య నోరు మూసుకున్నాడు. తన గొంతును తాను బయటినుంచి వినడం అతనికి అదే మొదటిసారి. ఎవరో మంచి గాయకుడు పాడుతున్నాడు. అతనికి తన అవసరం లేదు. ఒక క్షణం జానయ్యకు ఎంతో సుఖంగా అనిపించింది, వెంటనే ఒళ్లు జలదరించింది.

టేపులో చరణం అయిపోయింది. తరువాత వచ్చేది కుర్చీ పడిన చప్పుడు, జనం లేచిన గోల. చక్రపాణి కంగారుగా వెనక్కి తిప్పబోయాడు. టేపు కిర్రుమంది. ఆ కిర్రుమన్నంతసేపు గుట్ట మీద పాట లేదు.

పటేల్ నిలువునా పడిపోయాడు. తల వేదిక అంచుకు తగిలింది. మణెమ్మ ఆయన ముక్కు దగ్గర వేళ్లు పెట్టి, పిచ్చిదానిలా చుట్టూ చూసింది. "ఊపిరి లేదు. అయ్యో, ఊపిరి లేదు!"

మదార్ సాబ్ కర్రతో రికార్డరును పక్కకు నెట్టాడు. "గది ఆగేది బేటా. ఆగేదాని మీద మనిషిని ఎక్కిస్తరా?" అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు, వేడుకోలు ఉంది. జానయ్య వైపు చూసి అన్నాడు: "నేను పాడుమని చెప్పను. నీ గొంతు నేను ఇచ్చింది కాదు. ఆపుమని గూడ చెప్పను."

అండాలమ్మ భర్త చెయ్యి పట్టుకుంది. అప్పటిదాకా అన్ని మాటలన్న మనిషి ఆ ఒక్క చోట ఏమీ అనలేకపోయింది. ఆమె చూపు పటేల్ పాదాల మీద ఉంది. చెప్పులు లేని, పగుళ్లు బారిన, రైతు పాదాలు.

జానయ్య చెయ్యి విడిపించుకోలేదు. ఆమె పట్టుకొని ఉండగానే ఎత్తుకున్నాడు.

మొదటి సారికి పటేల్ కదలలేదు. రెండోసారి చివరి మాట దగ్గర గొంతులో ఏదో చినిగింది. నొప్పి తక్కువే, పాత బట్ట చినిగినంత మెత్తగా చినిగింది. నోట్లో ఉప్పదనం. దాన్ని మింగి మళ్లీ పైకి వెళ్లాడు. పటేల్ వేళ్లు కదిలాయి. ఛాతీ లేచింది. మణెమ్మ ఏడుస్తూ నవ్వింది. ఆ తరువాత ఎన్నిసార్లు పాడాడో ఎవరూ లెక్కపెట్టలేదు. ప్రొద్దు గుట్ట కిందికి జారింది. ప్రతిసారీ చివరి మాటలో గొంతు తగ్గుతూ, గాలి పెరుగుతూ వచ్చింది. జానయ్య కళ్లు మూసుకొని ఉన్నాడు. పాడుతున్నవాడు తానో కాదో కూడా అప్పుడు అతనికి పట్టలేదు. వెళ్లిన మనిషిని వెనక్కి తేవాలి. తన దగ్గర ఉన్నది ఇదొక్కటే. ఇది అయిపోతోంది. అయిపోయేలోగా ఆయన రావాలి.

చివరిసారి 'నేనెవరయ్యా' అన్న చోట గొంతు అసలు పలకలేదు. పెదవులు కదిలాయి, బుస్సున గాలి వచ్చింది.

అప్పుడే పటేల్ లేచి కూర్చున్నాడు.

రావలసిన వేళ వచ్చాడో, పాట తెగినందువల్ల వచ్చాడో, పాట అంతకు ముందే ఎప్పుడో ఆయనకు చేరి ఉండిందో, చెప్పగలిగినవాళ్లు అక్కడ లేరు. ఆయన తల తడుముకొని, వేలికి అంటిన నెత్తురు చూసుకొని, "ఏమైంది? గింతమంది నిలబడ్డరేంది నా సుట్టు?" అన్నాడు. ఎవరో చాయ్ తెచ్చారు. జనం ఒక్కసారిగా మాట్లాడుకోసాగారు. మట్టయ్య డోలక్ మీద తల ఆనించి కూర్చుండిపోయాడు.

పటేల్ చాయ్ తాగి, మణెమ్మ చెప్పింది విన్నాడు. ఆశ్చర్యంగా జానయ్య వైపు తిరిగాడు. "ఏం పాడినవే జానయ్యా? నాకు యాదికొస్తలేదు. మొఖం మీద చల్లగాలి కొట్టినట్టయింది, గంతే యాదున్నది. మాటలేంది? జర చెప్పు."

జానయ్య నోరు తెరిచాడు. కంఠం కదిలింది. మెడ నరాలు లేచాయి. ఏమీ రాలేదు. గుసగుస కూడా రాలేదు. అతను మరొకసారి ప్రయత్నించాడు, లోపలికి చూసుకుంటున్నవాడిలా కళ్లు చికిలించి.

"ఏం లేదు పటేలా" అంది అండాలమ్మ. "యాదిలేకుంటే లేకపాయె. పాణం దక్కింది గదా, ఇంటికి పో."

పటేల్ ఆమె ముఖంలోకి చూసి, తరువాత జానయ్య ముఖంలోకి చూసి, చేతిలోని కప్పు కింద పెట్టాడు. అర్థమైన మనిషి ఏం చేయాలో ఆయనకు తెలియలేదు. చేతులు జోడించబోయి ఆగిపోయాడు.

చక్రపాణి టేపును సంచిలో పెట్టుకుంటూ, "కంగారు పడకండి, మంచి డాక్టర్లున్నారు, ఏదో ఒకటి చేద్దామండీ" అన్నాడు. ఆ మాటను ఆయన ఎవరి కళ్లలోకీ చూడకుండా అన్నాడు.

ఉర్సు అక్కడితో ఆగేది కాదు. మదార్ సాబ్ సమాధి వైపు తిరిగి అరచేతులు ఎత్తి దువా మొదలుపెట్టాడు. అందరూ చేతులెత్తారు. వచ్చినవాళ్లకు మేలు జరగాలన్నాడు. రానివాళ్లకు కూడా జరగాలన్నాడు. బావుల్లో నీళ్లు ఉండాలన్నాడు. పడినవాడిని లేపినందుకు కృతజ్ఞత చెప్పాడు, లేపినవాడి కోసం ఏదో అడగబోయి, మాట దొరకక కాసేపు ఊరుకున్నాడు. ఆ ఊరుకున్నదానికి కూడా జనం ఒక్క గొంతుతో "ఆమీన్" అన్నారు.

జానయ్య కూడా అన్నాడు. పెదవులు కలిసి విడిపోయాయి. ఎప్పుడూ సభ అంతటికీ పైన వినబడే ఆ ఆమీన్ ఈసారి లేదు. అయినా గుట్ట మీద చప్పుడు ఎప్పటిలాగే నిండుగా ఉంది. ఆడవాళ్ల వరుసలో అండాలమ్మ ఒక్కతే ఎత్తిన చేతులను దించి, అతని వైపు చూసింది.